మోకాళ్ళ నొప్పికి మాగ్నెట్ థెరపీ: బెంగళూరులో ఎవరైనా చేయించారా?

మారతహళ్ళి మూడో అంతస్తు
అమ్మకి 64. రెండు మోకాళ్ళూ అరిగాయి, ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 అన్నారు. మా బిల్డింగ్‌కి లిఫ్ట్ లేదు. ఆపరేషన్ మాటెత్తితే అమ్మ ఏడుస్తుంది. ఇంటి దగ్గర క్లినిక్‌లో పీఈఎమ్‌ఎఫ్ అని, పల్స్ పల్స్‌గా అయస్కాంత శక్తి పంపే మెషీన్ పెడుతున్నారు. కోత లేదు, మందు లేదు, 21 సిట్టింగులకి 31,500. ఆరు అయ్యాయి. నిజంగా పనిచేస్తుందా? మెషీన్ అద్దెకి తెచ్చుకుంటే మేలా? నాన్నకి పేస్‌మేకర్ ఉంది, ఇంట్లో పెట్టుకోవచ్చా? మెట్లెక్కేటప్పుడు ఏ కాలు ముందు వేయాలి?

జయనగర్ కోడలు
మేం అత్తగారికి అద్దెకే తెచ్చాం, నెలకి నాలుగు వేలు. మోకాలికి తొడిగే చుట్ట ఒకటి ఇస్తారు, అచ్చం బిందె కింద పెట్టే చుట్టకుదురులా ఉంటుంది. అది తొడుక్కుని సీరియల్ చూస్తూ అరగంట కూర్చునేవారు. మొదటి వారం ఏమీ లేదన్నారు. రెండో వారం సోమవారం "ఇవాళ హాయిగా ఉందే, దేవుడి గది గడప పట్టుకోకుండా దాటాను" అన్నారు. మంగళ, బుధ కూడా అదే మాట. గురువారం దీవాన్ వెనక తుడుస్తుంటే చూశాను, ప్లగ్గు కింద పడి ఉంది. ఆదివారం మిక్సీ కోసం మా ఆయన పీకి, మళ్ళీ పెట్టలేదు! ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

బీటీఎం బ్యాచిలర్
హహహ. 31,500 పెట్టి మందు లేని చక్కెర బిళ్ళ కొంటున్నారన్నమాట. చర్చ క్లోజ్ చేసేయొచ్చు.

రిటైర్డ్ కాయిల్స్
నవ్వడం తేలిక బాబూ. నేను 36 ఏళ్ళు విమానాల ఫ్యాక్టరీలో కాయిల్స్‌తోనే, అంటే కరెంటు తీగ చుట్టలతోనే బతికాను. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటేనే కరెంటు పుడుతుంది, ఫారడే 1831లోనే చూపించాడు. అందుకే రోడ్డు పక్కన అమ్మే అయస్కాంత కంకణం వేరు, ఈ పల్స్ మెషీన్ వేరు. ఎముకని ఒత్తినా కరెంటు పుడుతుందని 1957లో జపాన్‌వాళ్ళు కనిపెట్టారు. మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ ఈ పల్స్ చికిత్సని 1979లోనే ఒప్పుకుంది. కోడలు గారి అత్తగారికి మొదటి వారం పెట్టినదాని ఫలితం రెండో వారం వచ్చింది, అంతే.

బీటీఎం బ్యాచిలర్
ప్లగ్గు పీకాక వచ్చిందా ఫలితం? భలే ఉంది అంకుల్.

కోలారు కొండయ్య
టక్ టక్ అనే చప్పుడు రావడం లేదని ఆ పెద్దావిడకి తెలియలేదా? నమ్మబుద్ధి కావట్లేదు.

జయనగర్ కోడలు
టీవీ సౌండ్ 40లో పెడతారండీ. చెవి కూడా అంతంతే. లైటు చూద్దామంటే మెషీన్ దీవాన్ వెనక. నేనెందుకు అబద్ధం చెప్తాను?

హెబ్బాళ ఫిజియో
14 ఏళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. అంకుల్ గారూ, 1979లో ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది విరిగి అతుక్కోని ఎముకలకి. అరిగిన మోకాళ్ళకి కాదు. పాంప్లెట్లలో ఆ మూడక్షరాలు ఎర్ర రంగులో వేసి, కింద ఉన్న సంగతి దాస్తారు. మోకాళ్ళ మీద చేసినవి చిన్న చిన్న ట్రయల్స్. కొన్నిట్లో కొన్ని వారాలు నొప్పి కాస్త తగ్గింది, కొన్నిట్లో డమ్మీ మెషీన్‌కీ దీనికీ తేడా రాలేదు. అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తొడ కండ బలపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది.

బీటీఎం బ్యాచిలర్
సార్, ఒక్క డౌట్. ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో చెప్పే బ్రిటన్ నైస్ సంస్థ 2022 గైడ్‌లైన్‌లో మోకాలి అరుగుదలకి టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు చికిత్సలు, అల్ట్రాసౌండ్, లేజర్ ఏవీ ఇవ్వొద్దని రాసింది, తగిన ఆధారం లేదని. మరి ప్రతి ఫిజియో సెంటర్‌లోనూ వెళ్ళగానే ఐఎఫ్‌టీ తడి ప్యాడ్లు అంటిస్తారేం? నా మెడకి కూడా అంటించారు, రోజుకి 400.

హెబ్బాళ ఫిజియో
గూగుల్ చూసి మాట్లాడటం కాదు బ్రదర్, నా కుర్చీలో ఒక్క రోజు కూర్చోండి. ఎక్సర్‌సైజ్ నేర్పిస్తే "ఇంతేనా సార్, కరెంటు పెట్టరా" అంటారు. పెట్టకపోతే మర్నాడు పక్క వీధి సెంటర్‌కి వెళ్తారు. కరెంటు పెట్టినవాడే డాక్టరు మన జనానికి.

బీటీఎం బ్యాచిలర్
అంటే పనిచేయదని తెలిసే పెడుతున్నారు. థాంక్యూ సార్, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

హెబ్బాళ ఫిజియో
ఆ కాసేపు నొప్పి తగ్గితే ఎక్సర్‌సైజ్ చేయించుకుంటారని పెడతాను. మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్ళ నొప్పి వస్తే అప్పుడు మాట్లాడదాం.

కోలారు కొండయ్య
ఎందుకు కొట్టుకుంటారు? మా అవ్వ 88 ఏళ్ళు నేల మీదే కూర్చుని రాగి ముద్ద తిన్నది, నేల మీదే పడుకుంది. ఉత్తరం దిక్కు తల పెట్టొద్దని పెద్దలు ఊరికే అన్నారా? భూమే పెద్ద అయస్కాంతం. దిక్కు మార్చి పడుకోండి, పైసా ఖర్చు లేదు.

రిటైర్డ్ కాయిల్స్
కొండయ్య గారూ, బెంగళూరులో భూమి అయస్కాంత బలం సుమారు 40 మైక్రోటెస్లా, అంటే టెస్లాలో పది లక్షల వంతులు నలభై. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అంతకంటే ఎన్నో రెట్లు. దిక్కు మారిస్తే మోకాలికి ఒరిగేదేమీ లేదు. ఇక మెషీన్ నిజంగా ఆన్ అయిందో లేదో తెలియాలంటే సెల్‌ఫోన్‌లో మాగ్నెటోమీటర్ యాప్ వేసి ఒక జానెడు దూరంలో పెట్టండి. అంకె ఎగిరి ఎగిరి పడాలి. పడకపోతే మెషీన్ బాగాలేనట్టే. ఫోన్‌ని చుట్ట లోపల మాత్రం పెట్టకండి, దిక్సూచి పాడవుతుంది.

బీటీఎం బ్యాచిలర్
అంకుల్, ఎమ్ఆర్ఐలో 1.5 టెస్లా ఉంటుంది. అందులో అరగంట పడుకుని వచ్చినవాళ్ళంతా పరిగెత్తుకుంటూ రావాలి కదా?

రిటైర్డ్ కాయిల్స్
అది స్థిరంగా ఉండే క్షేత్రం. పైన ఏం రాశానో చదివావా నువ్వు?

హెబ్బాళ ఫిజియో
స్థిరంగా ఉంటే లోపల ఆ దడదడ చప్పుడెక్కడిది అంకుల్? ఎమ్ఆర్ఐ లోపల గ్రేడియంట్ కాయిల్స్ అని వేరే తీగ చుట్టలుంటాయి, వాటిలో కరెంటు మారుతుంటేనే కదా.

రిటైర్డ్ కాయిల్స్
దాని ఫ్రీక్వెన్సీ వేరు. ఫోన్‌లో టైప్ చేయలేకపోతున్నాను, రేపు కంప్యూటర్ ముందు కూర్చుని వివరంగా రాస్తాను.

బసవనగుడి టీచరమ్మ
అందరూ కాయిల్స్ గురించే. నేను రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాను, ఇప్పుడు లాల్‌బాగ్ బండ ఎక్కుతున్నాను! భయం ఎందుకమ్మా? 2017 ఆగస్టులో ప్రభుత్వం ఇంప్లాంట్ ధరలు, అంటే లోపల పెట్టే కృత్రిమ కీలు ధరలు కట్టడి చేసింది. అంతకుముందు లక్షన్నర దాటిన మామూలు కోబాల్ట్ క్రోమ్ లోహపుది అప్పుడు 54,720కి దిగింది, జీఎస్టీ అదనం. ఆస్పత్రి బిల్లు వేరే అనుకోండి, అక్కడ వాయిస్తారు. అంతకుముందు నేనూ తైలాలు, పట్టీలు, సూదులు అన్నీ చేశాను. నాలుగేళ్ళు వృథా.

కోలారు కొండయ్య
తైలాన్ని అనకండి టీచరమ్మా. మహానారాయణ తైలం గోరువెచ్చగా చేసి...

కేఆర్ పురం నర్సమ్మ
ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను. ఇంతమంది పెద్దలు ఇంత రాశారు, ఆ పిల్ల వాళ్ళ నాన్నకి పేస్‌మేకర్ ఉందని అడిగితే ఒక్కరూ పలకలేదు! సిగ్గుగా లేదూ? అయస్కాంతం దగ్గరికి వస్తే చాలా పేస్‌మేకర్లు గుండె ఎలా కొట్టుకుంటోందో చూడటం మానేసి తమ లెక్కలో తాము కొట్టేస్తాయి. మామూలు సెల్‌ఫోనే ఆరంగుళాలు దూరం పెట్టమంటారు. వేసినవాళ్ళు ఒక కార్డు ఇచ్చి ఉంటారు, అది తీసుకుని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళి, ఈ మెషీన్ పేరు చెప్పి అడుగమ్మా. అప్పటిదాకా ఇంటికి తేవద్దు. గర్భిణులు, ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు కూడా దూరంగా ఉండాలి.

హెబ్బాళ ఫిజియో
నర్సమ్మ గారు చెప్పింది కరెక్ట్, నేను ముందే రాయాల్సింది. మెట్ల సంగతి కూడా మర్చిపోయాను. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, రెయిలింగ్ వదలకుండా. రెండూ నొప్పే అంటున్నారు కాబట్టి తక్కువ నొప్పి ఉన్నదాన్ని మంచి కాలు అనుకోవాలి. రోజూ టవల్ చుట్టి మోకాలి కింద పెట్టుకుని, ఐదంకెలు లెక్కపెడుతూ దాన్ని మంచానికి అదిమి వదలమనండి, పది సార్లు. ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. దీనికి నేనేం బిల్లు వేయట్లేదు బీటీఎం గారూ.

మారతహళ్ళి మూడో అంతస్తు
నర్సమ్మ గారూ, మీ పోస్ట్ చదివి చేతులు చల్లబడ్డాయి. ఆరు సిట్టింగులకీ నాన్న పక్క కుర్చీలో కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నారు. క్లినిక్‌లో ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. ఇచ్చిన ఫారంలో పేరు, ఫోన్ నంబర్, పేమెంట్ మోడ్, అంతే. ఇవాళే డాక్టర్‌కి చూపించాం, పేస్‌మేకర్ చెక్ చేసి బాగానే ఉందన్నారు. మిగిలిన 15 సిట్టింగుల డబ్బు అడిగితే వెనక్కివ్వరట, కావాలంటే నడుము ప్యాకేజీకి మార్చుకోమన్నారు. అమ్మ టవల్ అదుముతోంది. మొదటిరోజు ఆరు సార్లే చేసి, పది అని చెప్పింది.

బీటీఎం బ్యాచిలర్
డబ్బు వదలొద్దక్కా, బిల్లు ఉంటే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫిజియో సార్, మెడకి కూడా ఏదైనా టవల్ టెక్నిక్ ఉందా?

జయనగర్ కోడలు
నా కొంప మునిగింది. మా ఆడపడుచు ఈ చర్చ చదివి, ప్లగ్గు సంగతి అత్తగారికి ఫోన్‌లో చెప్పేసింది. పొద్దున్నుంచీ నొప్పి మళ్ళీ మొదలైందంటున్నారు, గడప దగ్గర గోడ పట్టుకుంటున్నారు. ఇందాకే ప్లగ్గు పెట్టాను. మెషీన్‌ని దీవాన్ వెనక నుంచి తీసి, ఎర్ర లైటు తనకి కనపడేలా స్టూల్ మీద పెట్టమన్నారు.