సమస్య: అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

మిత్రులారా, ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మొదటి మూడు పాదాలూ మీరు పూరించాలి.

అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

అడ్డు అంటే విద్యుత్ నిరోధం. 1827లో ఓమ్ చెప్పిన సంబంధం ప్రకారం వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. పూరణకు ఈ రెండూ చాలు. అయితే వేడి కరెంటు వర్గాన్నీ నిరోధాన్నీ బట్టి ఉంటుందని 1841లో జూల్ ప్రచురించాడు. ఆ లెక్కన నిరోధం తగ్గితే వేడీ తగ్గాలి కదా! చిక్కు అక్కడే పెట్టాను. పద్యంలో కరెంటును ‘ధార’ అనుకోవచ్చు.

మొదటి పూరణ

తీగ సగము చేసి తిరిగి కలిపినంత
ఉన్న వోల్టుతోనె యురికె ధార
రెండు రెట్ల శక్తి రేగి కాగెను నీరు
అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

వ్యాఖ్య: మీ పూరణ ధారాళంగా ఉంది. లెక్క కట్టి చూశాను. 230 వోల్టుల మీద 4.6 ఆంపియర్లు లాగే హీటర్ కాయిల్ నిరోధం 50 ఓములు, సామర్థ్యం 1058 వాట్లు. దాన్ని సగానికి తుంచితే 25 ఓములు, 9.2 ఆంపియర్లు, 2116 వాట్లు. మీ రెండు రెట్లు నిలిచాయి.

ఒక్క మాట దగ్గర ఆగాను. ‘శక్తి’ని కొలిచేది జూల్ పేరిట ఉన్న జౌళ్ళలో. సెకనుకు ఎన్ని జౌళ్ళో చెప్పేది సామర్థ్యం, అంటే వాట్లు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు, పద్యంలోనైనా విడిగా ఉంచడం మంచిది. ‘రెండు రెట్లు వాట్లు’ అంటే గణాలూ చెడవు, అర్థమూ సరిపోతుంది.

ఇంకొకటి. వేడి రెండు రెట్లు అయింది, తీగ పొడవేమో సగమే మిగిలింది. కాబట్టి తీగలో ప్రతి అంగుళం మీదా పడే వేడి నాలుగు రెట్లు. నీరు తొందరగా కాగుతుంది గానీ కాయిల్ ఎక్కువ కాలం బతకదు. ప్లగ్గూ వైరూ కూడా రెండింతల ధార మోయాలి. పద్యం చదివి ఎవరూ నిజంగా తీగ తుంచకండి.

రెండో పూరణ

తొడుగు చిరిగి తీగ తోటి తీగను తాకె
ఫ్యూజులోని సన్న పోగు మెరిసి
ఉప్పెనైన ధార కోపలేక కరిగె
అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

వ్యాఖ్య: ‘ఫ్యూ’కు ‘పో’ యతి చక్కగా కుదిరింది. ‘ధార కోపలేక’ అన్నచోట ధారకు, ఓపలేక అని విడదీస్తే అచ్చుకు అచ్చు కలిసే స్వరయతి. నాకు చాలా నచ్చింది.

ఒక సభ్యుడి ప్రశ్న: ఫ్యూజు పోగు నిరోధం తగ్గలేదు కదండీ, మరి సమస్యకు అన్వయం ఎలా?

పూరణకర్త జవాబు: మంచి ప్రశ్న అడిగారు. తగ్గింది మొత్తం వలయం (సర్క్యూట్) నిరోధం. 100 ఓముల వలయంలో ధార 2.3 ఆంపియర్లు. తీగలు తాకి నిరోధం 1 ఓముకు పడిపోతే 230 ఆంపియర్లు. పోగు నిరోధం 0.01 ఓము అనుకుంటే, దానిలో వేడి 0.0529 వాట్ల నుంచి 529 వాట్లకు ఎగబాకుతుంది. ధార వంద రెట్లయితే వేడి పదివేల రెట్లు. జూల్ చెప్పిందీ ఇదే, ఓమ్ చెప్పిందీ ఇదే.

మూడో పూరణ

ధార నిలుపు వేళ తప్పగు నీ మాట
వోల్టు నిలుపు వేళ పొసగు నదియె
ఏది నిలిపినావొ యెరిగించి పలుకుము
‘అడ్డు తగ్గ వేడి యధికమయ్యె’

(పద్యంలో ‘నీ’ అన్నది గురువుగారిని కాదు, సూత్రాన్ని బట్టీ పట్టిన విద్యార్థిని.)

వ్యాఖ్య: ఈ సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్న చిక్కును సూటిగా పట్టుకున్నది మీరే. వోల్టులను ధారతో గుణించడం, ధార వర్గాన్ని నిరోధంతో గుణించడం, వోల్టుల వర్గాన్ని నిరోధంతో భాగించడం అంటూ సూత్రాలు మూడుగా కనిపించినా ఉన్నది ఒకటే. ఏది కదలకుండా ఉందో చూసుకోకపోతే ఆ మూడూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు ఉంటాయి. ‘వో’కు ‘పొ’ వేయడం కూడా సరైన యతే.

వైరింగ్ పని చేసే ఒక మిత్రుడు: ఈ పూరణ మొదటి పాదానికి రోజూ మేం చూసే ఉదాహరణ చెప్తాను. 10 ఆంపియర్లు పోయే దారిలో స్క్రూ గట్టిగా ఉంటే ఆ అతుకు నిరోధం 0.01 ఓము, వేడి 1 వాట్ అనుకోండి. స్క్రూ వదులై 0.5 ఓముకు పెరిగితే ధార పెద్దగా మారదు, వేడి మాత్రం 50 వాట్ల దాకా వస్తుంది. ప్లాస్టిక్ కరిగేది అక్కడే. అడ్డు పెరిగి వేడి పెరిగే చోటు అది.

నాలుగో పూరణ (మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి)

చల్లనైన బల్బు స్విచ్చి నొక్కిన వేళ
మొదటి లిప్తలోనె ముంచె ధార
పాత పోగు వెలిగి ఫట్టున తెగిపోయె
అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

వ్యాఖ్య: మొదటి ప్రయత్నానికే ఇంత మంచి ఊహ! 100 వాట్ల పాతకాలపు బల్బు 230 వోల్టుల మీద వెలుగుతున్నప్పుడు నిరోధం 529 ఓములు. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ పోగుకు అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే వెలుగుతున్నప్పుడు 0.43 ఆంపియర్ ఉండే ధార, స్విచ్చి వేసిన క్షణంలో 4 ఆంపియర్లు దాటుతుంది. వాడివాడి సన్నబడిన పోగు ఆ దెబ్బకే తెగుతుంది.

మొదటి పాదంలో యతి తప్పింది. చకారానికి సకారం సరిపోతుంది గానీ ‘చ’లోని ‘అ’కు ‘స్వి’లోని ‘ఇ’ చెల్లదు. టెన్షన్ పడకండి, ఈ పొరపాటు అందరం చేసినవాళ్ళమే. హల్లుతో పాటు అచ్చును కూడా చూసుకుంటే చాలు.

పూరణకర్త: ధన్యవాదాలు గురువుగారూ. ‘స్విచ్చి’ని వదులుకోవడం కాస్త కష్టమైంది. ఇలా సవరించాను:

చల్లనైన బల్బు చయ్యన వెలిగింప
మొదటి లిప్తలోనె ముంచె ధార
పాత పోగు వెలిగి ఫట్టున తెగిపోయె
అడ్డు తగ్గ వేడి యధికమయ్యె

వ్యాఖ్య: ఇప్పుడు యతి సరిపోయింది. ‘చయ్యన’ వచ్చాక బల్బు వెలిగిన వేగం కూడా పాదంలోకి వచ్చింది. అభినందనలు.