చేత్తో రోజుకు రెండుసార్లు తిప్పుతున్న అసీల్ (పందెంకోడి జాతి) గుడ్లు: చివర్లో పిల్లలు లోపలే ఎందుకు చస్తున్నాయి?

పెరటికోడి_ఏలూరు:
ఫ్యాన్ ఉన్న చిన్న ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే పెట్టె), 37.6 డిగ్రీలు, తేమ 50-55 శాతం. గుడ్లను తనంతట తిప్పే టర్నర్ మోటార్ లేదు. పొద్దున 7కి, రాత్రి 9కి చేత్తో తిప్పుతున్నాం. 7వ రోజు టార్చి పెట్టి చూస్తే రక్తనాళాలు బాగానే ఉన్నాయి. 21 రోజులయ్యాక మూడో వంతు గుడ్లు విచ్చుకోలేదు. పగలగొడితే పిల్ల పూర్తిగా తయారై ఉంది, కానీ సన్నకొన దగ్గర తెల్లసొన జిగురుగా మిగిలిపోయింది. కొన్నింట్లో తల సన్నకొన వైపుంది. తప్పు తిప్పడంలోనే ఉందా?

హేచరీ_పాతకాపు:
చాలావరకు అదే అన్నా. తిప్పడం చాలకపోతే మిగిలే గుర్తే ఆ తెల్లసొన. పిండం చుట్టూ పెరిగే రక్తనాళాల పొర పెంకు లోపలంతా పరుచుకుని, 11-12 రోజులకు సన్నకొన దగ్గర మూసుకోవాలి. ఆ తర్వాత తెల్లసొన పిండం ఉన్న నీటి సంచిలోకి చేరుతుంది, పిల్ల దాన్ని మింగి పెరుగుతుంది. గుడ్డు కదలకుండా ఉంటే పొర అంతదూరం సరిగ్గా పరుచుకోదు. తెల్లసొన చిక్కబడి అడుగున ఉండిపోతుంది. పిల్ల చిన్నదవుతుంది, ఒళ్లంతా జిగురు.

కారణం మొదటి వారంలో ఉన్నా, చావు 20వ రోజున కనబడుతుంది. అందుకే జనం చివరి రోజుల తేమను తిడుతుంటారు. 12వ రోజు చీకట్లో సన్నకొనకు టార్చి ఆనించి చూడండి. కొన దాకా నాళాలు అల్లుకుని నల్లగా ఉంటే బాగున్నట్టు. అక్కడ తేటగా వెలుతురు మచ్చ మిగిలితే పొర మూసుకోలేదు.

ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: తేమ ఎక్కువైనా పిల్ల తడిగా చస్తుంది. 50 గ్రాముల గుడ్డు, లోపలి నీరు ఆవిరై, 18వ రోజుకు 43.5-44.5 గ్రాములకు తగ్గాలి. బరువు సరిగ్గా తగ్గి, తెల్లసొన మాత్రం మిగిలితే అనుమానం తిప్పడం మీదే. తల సన్నకొన వైపు ఉండటానికి, గుడ్డు సన్నకొన పైకి పెట్టడం కూడా కారణం కావచ్చు. వెడల్పు వైపు, అంటే గాలి గది, పైకి ఉండాలి.

కౌజు_పిట్టలు:
చేత్తోనే చేస్తే బేసి సంఖ్య పెట్టుకోండి, కనీసం మూడు, వీలైతే ఐదు: 6, 10, 2, 6, రాత్రి 10. రెండుసార్లయితే ప్రతి రాత్రీ గుడ్డు అదే పక్క మీద పడుకుంటుంది. ఐదయితే ఒకరోజు ఈ పక్క, మర్నాడు ఆ పక్క. పెన్సిల్‌తో ఒకవైపు గుణకారం గుర్తు, రెండోవైపు సున్నా గీయండి. స్కెచ్ పెన్ వద్దు, పెంకుకు రంధ్రాలుంటాయి. ఒకేవైపు గుండ్రంగా తిప్పుకుంటూ పోతే లోపలి పొరలు మెలిపడి చిరుగుతాయి, వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి.

పెరటికోడి_ఏలూరు:
మోటార్ పెట్టిస్తే ఎంత కోణం? కరెంటు పోతే ఎలా?

హేచరీ_పాతకాపు:
గంటకోసారి, నిలువు నుంచి అటు 45, ఇటు 45 డిగ్రీలు. అమ్మేవాళ్ల మాట నమ్మకండి, చదరపు కాగితాన్ని మూలకు మడిస్తే వచ్చే 45 డిగ్రీల కోణాన్ని ట్రే పక్కన పెట్టి కొలవండి. కొన్ని చవక టర్నర్లు 30 కూడా దాటవు. కరెంటు పోతే మూత తీయొద్దు, కొన్ని గంటలు తిప్పకపోతే పెద్ద నష్టం లేదు, వేడి పోతేనే నష్టం. 14 రోజుల తర్వాత తిప్పడం వల్ల లాభం తక్కువే, 18వ రోజు పూర్తిగా ఆపి, గుడ్లు పడుకోబెట్టి, తేమ 65-70కి పెంచండి. పెట్టిన రోజును సున్నాగా లెక్కేసుకోండి.

కౌజు_పిట్టలు:
కౌజు గుడ్లకు 14-15వ రోజు, బాతు గుడ్లకు 25వ రోజు ఆపాలి. పొదగేసే ముందు వారం దాటి నిల్వ ఉంచిన గుడ్లనూ రోజూ ఒరగబెడుతుండాలి, లేకపోతే పచ్చసొన తేలి పెంకుకు అంటుకుంటుంది.