‘ప్రాణము పెట్టుట’: పిల్లల సంగీత రూపకంలో వినబడిన మాట

సభ్యులకు నమస్కారం. శ్రీకాకుళంలో మా మనుమరాలి బడి వార్షికోత్సవంలో పిల్లలు కళింగపట్నం తీరం నేపథ్యంగా ఒక సంగీత రూపకం ప్రదర్శించారు. తుపానులో తెప్ప మీద ఇద్దరికీ చోటు చాలకపోవడంతో ఒక కుర్రవాడు నేస్తాన్ని ఎక్కించి తాను నీటిలో ఉండిపోతాడు. మొదటి రంగంలో తల్లి చద్దన్నం పెడుతూ, ‘నా కొడుకంటే ప్రాణం పెడతాను’ అని మురిపెంగా పాడిన వరుసలోనే, చివర ఆ నేస్తం ‘నాకోసం ప్రాణం పెట్టాడు’ అని పాడతాడు. (శ్రుతి తప్పాడు గాని ఆ క్షణంలో ఎవరికీ పట్టలేదు.)

రూపకంలో క్రీస్తు ప్రస్తావన ఎక్కడా లేకపోయినా నాకు యోహాను సువార్త 15:13 గుర్తుకు వచ్చింది: “తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు.” వాడుకలో ‘ప్రాణం పెట్టు’ అంటే మిక్కిలి ప్రేమించడమే, అందులో చావు ప్రసక్తి లేదు, తెలుగు బైబిలులో అదే మాటకు ఒకరి కోసం మరణించడం అని అర్థం. ఆ రెండర్థాల మధ్య దూరాన్ని ఈ పిల్లలు ఒక్క పాటతో దాటారనిపించింది.

దీనికి ఒక సభ్యురాలు ఇలా రాశారు:

“మాస్టారూ, ‘త్యాగం’ అనే చక్కని మాట ఉండగా, గ్రీకు నుంచి మాటకు మాట దించిన ఈ ప్రయోగం ఎందుకు? శిబి, దధీచి కథలున్న మనం ఈ భావం కోసం సువార్త దాకా పోవాలా?”

అమ్మా, మూలంలోని ‘తిథేమి’ అనే క్రియకు ఉంచు, పెట్టు అనే అర్థం ఉన్న మాట నిజమే. అయితే ‘త్యజ్’ అంటే విడవడం కనుక ‘త్యాగం’ అన్నప్పుడు మన చూపు విడిచినవాడి మీదే నిలుస్తుంది. ‘పెట్టు’ అన్నప్పుడు, అన్నం పెట్టడంలో లాగా, ఎదుటివాడి ఆకలి కూడా కనబడుతుంది. ఇక శిబి ప్రముఖులను పోతన భాగవతంలో బలి చక్రవర్తి చేత ‘యశఃకాములై’, అంటే కీర్తిని కోరి, ఇచ్చినవారని చెప్పిస్తాడు. చీకటి సముద్రంలో ఆ కుర్రవాడికి కీర్తి ఎక్కడిది? (శిబిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, పావురానికీ ఆకలిగొన్న డేగకూ మధ్య అతడు పడిన ధర్మసంకటం వేరు.)

అనువాదకులు ఆలోచించకుండా దించారనీ అనలేము. మూలంలో ‘ఇచ్చు’ అనే క్రియ ఉన్న మత్తయి 20:28లో వారు ‘తన ప్రాణము నిచ్చుటకును’ అనే రాశారు. యోహాను 10:18లో మాత్రం యేసు తన ప్రాణం గురించి అన్న మాటగా “దాని పెట్టుటకు నాకు అధికారము కలదు, దాని తిరిగి తీసికొనుటకును నాకు అధికారము కలదు” అని ఉంది. పెట్టినదాన్నే తిరిగి తీసుకోగలం. ఇక్కడ ‘ఇచ్చు’ గాని ‘త్యజించు’ గాని వాడితే పునరుత్థానాన్ని, అంటే చనిపోయి తిరిగి లేవడాన్ని, సూచించే ఆ ‘పెట్టు–తీసుకొను’ జంట చెడిపోతుంది.

రూపకంతో పోలిక కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. చివరి రంగంలో తల్లి చద్దన్నం గిన్నె పట్టుకుని తీరాన నిలబడే ఉంటుంది, కుర్రవాడు తిరిగి రాడు.