వానాకాలంలో మహిళా చిత్రకారుల ప్రదర్శన: 19 పనులు, ఒకటే హాలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగులగూడు:
హైదరాబాద్‌లో ఒక చిన్న మ్యూజియం. జులై మొదట్లో తెరిచి రెండు నెలల పాటు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడు గంటలు మహిళా చిత్రకారుల పనులు ప్రదర్శించాలని ఆలోచన. సొంత సేకరణలో ఆడవాళ్ల పేర్లతో దొరికినవి 11: నీటిరంగులు 6, నూనెరంగులు 3, చెక్క అచ్చులు 2. అరువుగా వచ్చేవి 8: ఆక్రిలిక్ కాన్వాసులు 5, లంబాడీ కుట్టుపని 2, సుమారు 3 మీటర్ల చేర్యాల పటం (గుడ్డ మీద గడులు గడులుగా కథ చెప్పే తెలంగాణ బొమ్మల చుట్ట) 1.

అడగాల్సినవి నాలుగు. సేకరణలో ఇంకా బయటపడేవి ఉంటాయా? వానల్లో లైటు, తేమ ఎలా చూసుకోవాలి? దేన్ని ఎలా వేలాడదీయాలి? లేబుళ్ల సంగతి, కాటలాగులో ఫొటోలు అచ్చేయడానికి అనుమతుల సంగతి ఏమిటి?

పాతరిజిస్టరు:
కంప్యూటర్‌లో ఉన్న జాబితాతో ఆగకండి, చేతిరాత అక్సెషన్ రిజిస్టరు (మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువునూ నమోదు చేసే పుస్తకం) దించండి. మన పేర్లలో ఉన్న చిక్కేమిటంటే, ఇంటిపేరూ పొడి అక్షరాలే రాసి వదిలేస్తే మనిషి ఆడో మగో తెలియదు. జాబితా చేసినవాళ్లు మగవాళ్లే అనుకుని ముందుకు పోతారు. కాబట్టి పొడి అక్షరాలతో ఉన్న ప్రతి పనినీ విడిగా రాసుకుని, వెనక్కి తిప్పి చూడండి. కాన్వాసు వెనక, ఫ్రేము చెక్క మీద, పాత ప్రదర్శన చీటీల మీద పూర్తి పేరు ఉండొచ్చు. దాతల కాలమ్‌లో 'భార్య', 'కుమార్తె' అని ఉన్న ఎంట్రీలు కూడా చూడండి. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి రాసుకున్న మనిషి రిజిస్టరులో ఇద్దరవుతారు. సంతకాలు పక్కపక్కన పెట్టి పోల్చి, ఒకే కార్డు మీద రెండు పేర్లూ రాయండి. పాత ఎంట్రీని మాత్రం కొట్టేయకూడదు. పక్కన తేదీ వేసి, ఎందుకు మార్చారో రాసి సంతకం పెట్టాలి.

చుట్టరికాన్ని లేబుల్ మొదటి వరసలోకి రానివ్వకండి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న గ్యాలరీలో ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ వేసినవీ ఉన్నాయి. వెళ్లినవాళ్లు అడిగేది ఆయన బొమ్మల గురించే. బెంగాల్ చిత్రకారిణి సునయనీ దేవిని కూడా చిత్రకారులు అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ టాగోర్‌ల చెల్లెలిగానే పరిచయం చేస్తుంటారు. మొదట పేరు, తర్వాత పని. బంధుత్వం అవసరమైతే చివర్లో ఒక వాక్యం చాలు.

చేర్యాల పటానికి ఒక్క పేరే వేస్తే అన్యాయమే. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి, బంకనీళ్లు కలిపి మూడు పూతలు పూస్తే గానీ బొమ్మ మొదలవదు. పూత ఎవరు వేశారు, గీత ఎవరు గీశారు, రంగు ఎవరు నింపారు అని ఆ కుటుంబాన్ని విడివిడిగా అడగండి. చెప్పిన పేర్లన్నీ లేబుల్‌కు ఎక్కాలి. పేరు దొరకని పనికి 'అజ్ఞాత కళాకారుడు' అని రాయొద్దు, అందులో 'డు' ఎక్కడినుంచి వచ్చింది? 'పేరు నమోదు కాలేదు' అంటే సరిపోతుంది.

ప్రసిద్ధ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ లేకుండా ప్రదర్శన ఏమిటని ఎవరైనా అంటే కంగారుపడకండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద ఆమె చిత్రాలు జాతీయ కళానిధులు, ఆమె పనిలో పెద్ద భాగం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో ఉంది. ఒక చిన్న హాలు ఆ భద్రత, ఆ బీమా మోయడం కష్టం. బదులుగా ఒక పలక పెట్టండి: సాలార్‌జంగ్ నవాబు ఆమె చిత్రాలను తిప్పి పంపేశారు, మైసూరు మహారాజు ఆమెవి కాదని రవివర్మవి ఎంచుకున్నారు. హైదరాబాదీలు ఆ పలక ముందు ఆగకుండా పోరు.

నీడపట్టు:
లైటు లెక్క ముందే వేసుకోవాలి. 52 రోజులు, రోజుకు 7 గంటలంటే 364 గంటలు. 50 లక్సు (వెలుతురు కొలత) చొప్పున 18,200 లక్సు-గంటలు. తొందరగా వెలిసే రంగులకు ఏడాదికి 15,000 దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే నీటిరంగులు రెండు నెలలూ ఉంచితే 50 లక్సులో కూడా హద్దు దాటినట్టే. మూడు మొదటి నెల, మూడు రెండో నెల పెట్టండి, ఒక్కోదానికి 9,100 పడుతుంది. కుట్టుపనిలో ఏ అద్దకం వాడారో తెలియనప్పుడు దాన్నీ ఇదే కట్టులో వేసుకుని నెలకొకటి చూపించండి. చెక్క అచ్చులు నల్ల సిరావైతే మార్చక్కర్లేదు, 50 లక్సు చాలు. నూనెరంగులకు, ఆక్రిలిక్‌లకు 200 వరకు ఫర్వాలేదు. ఊడ్చేటప్పుడు వెలిగే లైట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, చాలామంది మర్చిపోయేది అదే.

కొలత నేలమీద కాదు, బొమ్మ ముఖం మీద తీయాలి. ఫోను యాప్ వద్దు, లక్సు మీటరు అద్దెకైనా తెచ్చుకోండి. 200 పక్కనే 50 పెడితే చూసేవాళ్లకు చీకటిగా తోచి 'లైటు పోయిందా' అని అడుగుతారు. నూనెరంగులు గుమ్మం వైపు, కాగితం పనులు లోపలి చివర పెడితే నడిచే లోపు కన్ను అలవాటు పడుతుంది. ఆ చివర గోడ తెల్లగా కాక బూడిదరంగులో ఉంటే ఇంకా మేలు.

తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండాలి, 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు మొదలవుతుంది. జులైలో ఎక్కువ నష్టం చేసేది పగలు ఏసీ వేసి రాత్రి కట్టేయడం. చల్లబడిన గోడల మీదికి, అద్దాల మీదికి బయటి తడిగాలి చేరి అక్కడే తేమ పెరుగుతుంది. నీటిరంగుల్లోని బంక, కాగితంలోని గంజి బూజుకు విందు భోజనం. ఏసీ 24 గంటలూ నడపలేకపోతే పూర్తిగా మానేసి, కిటికీలు బిగించి, తేమ పీల్చే యంత్రం పెట్టుకోవడం నయం. తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు మూసిన అద్దాల పెట్టెలో పనిచేస్తాయి, తెరిచిన హాల్లో దండగ. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు అంటించి గోడకు ఒక సెంటీమీటరు ఎడం ఉంచండి. సాయంత్రం తడిగుడ్డతో నేల తుడిచి తలుపులు వేయడం ఆపించండి. గొడుగులు, రెయిన్‌కోట్లు గుమ్మం బయటే.

ఇంకోటి. చేర్యాల పటంలో చింతగింజల జిగురు ఉంటుంది కాబట్టి బొద్దింకలకు, వెండిపురుగులకు ఇష్టం. అరువు వచ్చిన వెంటనే హాల్లోకి తేకుండా రెండు వారాలు వేరే గదిలో ఉంచి, మడతలు, చివర్లు చూసి లోపలికి తీసుకోండి.

మేకు_సుత్తి:
వేలాడదీసే సంగతి నేను చెప్త. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 145 సెంటీమీటర్లకు రావాలె. మేకు ఎత్తుకు లెక్క గిట్ల: 145కు ఫ్రేము ఎత్తులో సగం కలిపి, తీగను మేకులు వచ్చే చోట్ల గుంజి పడితే అది ఫ్రేము పైఅంచు నుంచి ఎంత కిందికి ఉంటదో అంత తీసేయాలె. 90 సెంటీమీటర్ల ఫ్రేము, తీగ 12 కిందికి ఉంటే 145 + 45 - 12, అంటే 178. తీగ గుంజకుండ కొలిస్తే లెక్క తప్పుతది, వరస మొత్తం ఎగుడుదిగుడు అయితది. ఒక్కో ఫ్రేముకు రెండు మేకులు కొట్టుర్రి, ఒక్కటే ఉంటే రోజూ వంకరైతది.

లంబాడీ కుట్టుపనికి అద్దాలు, గవ్వల బరువు ఉంటది. నిలువుగా వేలాడేస్తే పైకుట్లు తెగుతయి. గుడ్డ చుట్టిన పలక మీద 30 డిగ్రీల వాలుగ పరిచి పెట్టుడు మంచిది. వేలాడదీయక తప్పదంటే వెల్క్రో మెత్తటి పట్టీని కాటన్ పట్టీకి కుట్టి, దాన్ని గుడ్డ వెనక పైఅంచు పొడుగునా అన్ని పొరలల్ల దిగేటట్టు కుట్టాలె. గరుకు పట్టీ గోడ చెక్కకు ఉంటది. జిగురు మాత్రం అసలొద్దు.

చేర్యాల పటం మీద సుద్దపూత గట్టిగ ఉంటది, వంగితే పగుల్తది. సన్న గొట్టానికి చుడితే అయిపాయె. కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం, బొమ్మ బయటికి వచ్చేటట్టు చుట్టాలె. లోపలికి చుడితే రంగు పొర ఇరుక్కుని పెచ్చులు లేస్తది. గోడ ఎత్తు సరిపోకుంటే కింది భాగం అదే గొట్టం మీద ఉంచి పై గడులు చూపెట్టుర్రి.

ఆక్రిలిక్‌ల మీద బబుల్ ర్యాప్ నేరుగ చుట్టొద్దు. మూసిన వ్యాన్‌ల వేడికి రంగు మెత్తబడి బుడగల అచ్చు పడ్తది, అది పోదు. మొదట సిలికాన్ పూసిన కాగితం, దాని మీద బబుల్ ర్యాప్, బుడగలు బయటివైపు. ఎక్కించే ముందు, దించినంక రెండుసార్లు పక్క నుంచి టార్చి కొట్టి ఫొటోలు తియ్యిర్రి. అరువు ఇచ్చినోళ్ల సంతకం ఆ ఫొటోల కాగితం మీద ఉండాలె.

వత్తులూ_గుణింతాలూ:
లేబుల్ తెలుగు అక్షరం 18 పాయింట్లకు తగ్గొద్దు, పెద్దవాళ్లు ఎక్కువగా వచ్చే చోట 24. ఇంగ్లిష్‌కు పెట్టిన వరస ఎడమే తెలుగుకూ పెడితే 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి చోట కింది వత్తు తర్వాతి వరస గుడికి తగులుతుంది, ఒకటిన్నర రెట్లు ఉంచండి. ప్రెస్సువాళ్లు 'అను' అనే తమ పాత తెలుగు ఫాంట్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి కాబట్టి ప్రూఫు కాగితం మీదే చూడాలి. ఉర్దూ తప్పకుండా ఉంచండి, నస్తలీఖ్ లిపి వాలుగా దిగుతుంది కనుక దానికి ఇంకొంచెం ఎత్తు కావాలి. 'మహిళా చిత్రకారిణి' అని రాయకండి, 'ఇణి'లోనే ఆడమనిషి ఉంది. ప్రదర్శన పేరులో ఒకసారి చెప్పాక లోపలి లేబుళ్లలో ఆ మాటే అక్కర్లేదు.

అనుమతుల మాటకొస్తే, బొమ్మ మ్యూజియం సొంతమైనంత మాత్రాన అచ్చు హక్కు మ్యూజియంది కాదు. కాపీరైటు చిత్రకారుల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఆ 60 లెక్క మరణించిన మర్నాటి నుంచి కాదు, మరుసటి జనవరి 1 నుంచి. సునయనీ దేవి 1962లో పోయారు, కాబట్టి 2023 నుంచి స్వేచ్ఛ. శిల్పి మీరా ముఖర్జీ పోయింది 1998లో, అంటే 2058 చివరి వరకు ఉంటుంది. అచ్చుబొమ్మల కళాకారిణి జరీనా హష్మీ 2020లో, అంటే 2080 చివరి వరకు. జీవించి ఉన్నవారి నుంచి, లేదా వారసుల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. కాటలాగు, పోస్టరు, సోషల్ మీడియా, అమ్మకానికి పెట్టే కప్పులూ సంచులూ అన్నీ విడివిడిగా పేర్కొనాలి. 'ప్రచారం కోసం' అని ఒక్క మాట రాయించుకుంటే తర్వాత గొడవే. పోస్టరు కోసం బొమ్మను అడ్డంగా కత్తిరించేటప్పుడు కూడా అడగాలి, పనిని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద వాళ్లకుంది.

రంగులగూడు:
రిజిస్టరు దించితే పొడి అక్షరాలతోనే 23 ఎంట్రీలు ఉన్నాయి, వెనక్కి తిప్పి చూడటం మొదలైంది. నీటిరంగులు నెలకు మూడు. ఒక్క సందేహం: రెండో నెలకు మార్చేటప్పుడు హాలు మూయాలా?

నీడపట్టు:
అక్కర్లేదు. వారంలో సెలవు రోజున మార్చండి. కొత్తగా పెట్టిన బొమ్మ పక్కన 'మొదటి నెల ఇక్కడున్నది విశ్రాంతిలో ఉంది' అని చిన్న చీటీ పెడితే ఎవరూ గొణగరు. దించిన వాటిని మాత్రం వెంటనే పెట్టెలో పెట్టేయకుండా ఆ సెలవు రోజంతా అదే హాల్లో, చీకట్లో, బోర్లా పెట్టకుండా ఆరనివ్వండి.