జియోడోరమ్‌ను యూలోఫియాలో కలిపేయడం సరైనదేనా?

వానచుక్క:
2021లో వృక్షశాస్త్రవేత్త మార్క్ చేజ్ బృందం జియోడోరమ్ అనే చిన్న ఆర్కిడ్ ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) ఎత్తేసి, అందులోని జాతులన్నిటినీ యూలోఫియా అనే పెద్ద ఆర్కిడ్ ప్రజాతిలో కలిపేసింది. నాకిది అస్సలు నచ్చలేదు. మొన్న జులైలో వెదురు పొదల కింద తడి ఆకుల మీద పడుకుని మరీ జియోడోరమ్ అనే ఈ నేల ఆర్కిడ్‌ను చూశాను. నేలలోని దుంప నుంచి ఆకులతో సంబంధం లేకుండా విడిగా లేచిన కాడ, కొస దగ్గర గొడుగు పిడిలా వంగింది. లేత గులాబీ పూలన్నీ కిందికి వేలాడుతున్నాయి. పెదవి రేకు లోపల ముదురు ఎరుపు గీతలు. కాయ కట్టాక అదే కాడ నిటారుగా లేస్తుంది. ఇంత స్పష్టమైన గుర్తున్న మొక్కకు వేరే పేరు ఉండకూడదా?

దుంపవేరు:
గుర్తు లేదని ఎవరన్నారండీ? కానీ డీఎన్‌ఏ పోల్చి చూస్తే వంశవృక్షంలో జియోడోరమ్ కొమ్మ యూలోఫియా పక్కన లేదు, దాని మధ్యలోంచి మొలిచింది. అంటే కొన్ని యూలోఫియాలకు సాటి యూలోఫియాల కన్నా జియోడోరమే దగ్గరి చుట్టం. ఒక తాత మనవళ్లలో ఒకడు కాస్త వంగి నడుస్తాడని వాడికి వేరే ఇంటిపేరు పెడతామా? విడిగా ఉంచాలంటే యూలోఫియానే ముక్కలు చేయాలి. అప్పుడు ఆ ముక్కల్ని అడవిలో కంటితో గుర్తుపట్టడం మీకూ నాకూ కుదిరే పని కాదు.

వానచుక్క:
ఇంటిపేరు వరకైతే సరే, సొంత పేరు కూడా పోయిందిగా! జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ ఇప్పుడు యూలోఫియా పిక్టా. డెన్సిఫ్లోరా అనే పేరు యూలోఫియాలో అప్పటికే వేరే మొక్కకు ఉందట. పైగా మడగాస్కర్‌లో చెట్ల మీద పెరిగే సింబిడియెల్లా అనే ఆర్కిడ్ ప్రజాతినీ ఇదే గంపలో వేశారు. పిల్లలకు ఎలా చెప్పాలి?

పాతరేకు:
పేర్లు మారడం ఈ మొక్కలకు కొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో మొదలైన తన పుస్తకంలో దీని దగ్గరి చుట్టాన్ని లైమోడోరమ్ రికర్వమ్ అన్నాడు. రికర్వమ్ అంటే వెనక్కి వంగినది. లైమోడోరమ్ పోయి జియోడోరమ్ వచ్చినా ఆ రికర్వమ్ అలాగే ఉండిపోయింది. మీరు ఇష్టపడిన వంపును ఆయన అప్పుడే పేరులో పెట్టాడు. నేను మాత్రం కలపడం వైపే.

వానచుక్క:
రికర్వమ్ సంగతి చెప్పి మంచి పని చేశారు. సరే, కలపడానికి ఒప్పుకుంటాను. కానీ ఎండబెట్టిన మొక్కల్ని అతికించి దాచే హెర్బేరియం షీట్ల మీద, అడవి మొక్కల జాబితాల్లో కొత్త పేరు పక్కన పాతదీ రాసి తీరాలి. లేకపోతే పాత జాబితాలో జియోడోరమ్, కొత్తదాంట్లో యూలోఫియా చూసినవాళ్లు, ఆ కొండ మీద ఒక మొక్క మాయమై ఇంకోటి పుట్టిందనుకుంటారు.