భాకరాపేట ఘాట్‌కి ఎక్స్‌ట్రా లైట్లు: దారికి వెలుగా, ఎదుటోడి కంటికి పోటా?

పీలేరు_350:
బండి క్లాసిక్ 350, 2022 మోడల్, హాలోజన్ హెడ్‌లైట్. దారి తిరుపతి, రంగంపేట, భాకరాపేట ఘాట్, పీలేరు. ఎక్కువగా రాత్రి ఎనిమిది దాటాకే. లో బీమ్‌లో మలుపు లోపలి పక్క నల్లగా ఉంటుంది, హై బీమ్ వేస్తే ఎదురొచ్చేవాళ్లు తిడతారు. అంగట్లో జత 120 వాట్లది చూపిస్తున్నారు. తెలుపు, పసుపు రెండూ వెలుగుతాయి, ఫ్లాష్ కూడా కొడుతుంది. హెడ్‌లైట్ వైరు చీల్చి కనెక్షన్ ఇస్తారట, అరగంట పనట. మెకానిక్ మాత్రం అసలు వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

చిత్తూరు_పాతబండి:
మెకానిక్ మాటే వినండి సామీ. ఉన్న హెడ్‌లైట్ సగం చచ్చి ఉంటే దాని పక్కన ఇంకో రెండు తగిలించడం వైద్యం కాదు.

మల్టీమీటర్ తీసుకుని, ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద ఒకసారి, హెడ్‌లైట్ వెలుగుతుండగా బల్బు హోల్డర్ దగ్గర ఒకసారి వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో కనెక్టరు తుప్పు పట్టింది, లేదా ఎర్త్ వదులైంది. హాలోజన్‌కు వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు 15 శాతం దాకా పడిపోతుంది. తర్వాత గాజు తుడవండి, హెడ్‌లైట్ వంపు సరిచేయండి. 90/100 వాట్ల బల్బు జోలికి పోవద్దు, హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు కూడా వద్దు. ఫిలమెంట్ ఉండాల్సిన చోట చిప్ సరిగ్గా కూర్చోదు, లో బీమ్ పైగీత (వెలుగు ఆగిపోయే పైఅంచు) చెదిరి వెలుగంతా ఆకాశానికి, ఎదుటోడి మొహానికి పోతుంది.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 111వ నిబంధన చదవండి. రిజిస్టరింగ్ అథారిటీ ముందస్తు అనుమతి లేకుండా ముందు భాగంలో స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు. 106వ నిబంధన ప్రకారం 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని మీ లైటు కొట్టకూడదు. అంగడోళ్లు ఇవేవీ చెప్పరు.

శేషాచలం_ఎన్‌హెచ్71:
హెడ్‌లైట్ ముందు బాగు చేసుకోమన్నది నూటికి నూరు పాళ్లు నిజం. అక్కడితో ఆగిపోతే మాత్రం ఘాట్ సమస్య తీరదన్నా.

బండి ఎడమకు వాలినప్పుడు హెడ్‌లైట్ కూడా దాంతో పాటే వాలుతుంది. లో బీమ్ పైగీత ఎడమ పక్క దిగిపోతుంది, కుడి పక్క లేస్తుంది. అంటే మీరు పోవాల్సిన మలుపు లోపలి అంచు చీకటి, ఎదురొచ్చేవాడి కంట్లో వెలుగు. బల్బు ఎంత మంచిదైనా ఈ వంకర పోదు. అందుకే మలుపులకు కావాల్సింది దూరం కొట్టే స్పాట్ కాదు, 30, 40 డిగ్రీలు వెడల్పుగా పరుచుకునే లైటు. క్రాష్ గార్డ్ మీద, నేలకు 60 సెంటీమీటర్ల లోపు ఎత్తులో, రెండూ కాస్త బయటికి తిప్పి.

ఫోర్క్‌కి బిగిస్తే హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది గదా అంటారు కొందరు. తిరుగుతుంది, కానీ 15, 20 స్పీడులో హెయిర్‌పిన్ ఎక్కేటప్పుడే. 40 మీద పోయే మలుపులో హ్యాండిల్ దాదాపు కదలదు, బండి వాలుతుందంతే. పైగా ఫోర్క్ మీది వైరు ప్రతి తిప్పుకూ వంగి వంగి లోపల తెగుతుంది.

ఇంకో లెక్క. గంటకు 60 అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. చూసి బ్రేకు నొక్కేలోపు సెకనున్నర, అంటే 25 మీటర్లు. ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 23. మొత్తం 48. 80 మీద పోతే 75కి దగ్గర. మామూలు లో బీమ్ బాగా చూపించేది 40, 50 మీటర్లే. రేణిగుంట, మామండూరు అడవి రోడ్డులో జింక అడ్డమొస్తే ఆ తేడా తెలుస్తుంది.

చిత్తూరు_పాతబండి:
ఆ లెక్క ప్రకారం స్పీడు తగ్గించాలి, లైట్లు పెంచడం కాదు! మీరు చెప్పిన వెడల్పు లైటుతో ఇంకో చిక్కు ఉంది. ముందర పది మీటర్ల రోడ్డు తెల్లగా వెలిగిపోతే కంటిపాప చిన్నదవుతుంది. దూరం ఇంకా నల్లబడుతుంది. నడిపేవాడికి మాత్రం బాగా కనిపిస్తోందనే అనిపిస్తుంది. దగ్గర వెలుగును చూసి దూరం కూడా కనిపిస్తోందనుకోవడమే ఈ లైట్లతో వచ్చే అసలు ప్రమాదం.

శేషాచలం_ఎన్‌హెచ్71:
ఒప్పుకుంటా. అందుకే 120 వాట్లు వద్దు. ఒక్కోటి 15 నుంచి 20, జత 40 వాట్లు చాలు. డబ్బా మీద 15,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసుంటే నవ్వుకుని పక్కన పెట్టండి. మంచి ఎల్‌ఈడీ కూడా ఫిట్టింగులోంచి బయటికిచ్చేది వాటుకు ఇంచుమించు 100 ల్యూమెన్లు. 40 వాట్లకు 4,000 వస్తే గొప్పే. అంగట్లోనే అడగండి, 12 వోల్టులకు ఎన్ని ఆంప్స్ లాగుతుందో మీటరు పెట్టి చూపించమని. నిజంగా 120 వాట్లయితే 10 ఆంప్స్ లాగాలి. చాలావరకు సగం కూడా లాగవు.

మొగిలి_మంచు:
తెలుపా పసుపా అనేది ఎవరూ ఎత్తలేదేం? మదనపల్లె పక్క చలికాలం తెల్లవారుజామున మంచు పడితే తెల్ల లైటు గోడలా నిలబడుతుంది. 3000 కెల్విన్ (కాంతి రంగు కొలత) పసుపే తీసుకోండి. పసుపు కాంతి మంచులో తక్కువ చెదురుతుంది.

శేషాచలం_ఎన్‌హెచ్71:
సలహా మంచిది, కారణం తప్పు. మంచు బిందువు దాదాపు 10 మైక్రాన్లు, కాంతి తరంగం అర మైక్రాన్. బిందువు అంత పెద్దదైనప్పుడు నీలమైనా పసుపైనా ఒకే మాదిరి చెదురుతుంది. ఆకాశం నీలంగా కనబడే సూత్రం ఇక్కడ పనిచేయదు. పసుపుతో హాయిగా ఉండేది వేరే కారణానికి. చౌక తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, అది వెనక్కి తగిలి కంటిని గుచ్చుతుంది. ఫ్రాన్స్‌లో 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండేవి, తర్వాత వదిలేశారు. మంచులో నిజంగా పనిచేసేది లైటు ఎత్తు, ఆకారం. కిందుగా ఉండి, పైగీత కత్తితో కోసినట్టు ఉండాలి. కంటికి, రోడ్డుకి మధ్యనున్న మంచు వెలగకూడదు, అంతే.

మొగిలి_మంచు:
కారణం ఏదైతేనేం, చివరికి పసుపే గదా కొనేది. 😄

బంగారుపాళ్యం_10టైర్లు:
లారీ పక్క మాట ఒకటి చెప్పాల. క్యాబిన్‌లో కూర్చున్నోడి కన్ను రెండు మీటర్ల పైన ఉంటాది. ఎదురొచ్చే బండి క్రాష్ గార్డ్ లైటు వాడిని అంతగా కొట్టదు. దెబ్బ తినేది కారోడు, వాడి కన్ను 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాది. ఇంకా దెబ్బ తినేది ఎదురొచ్చే బైకోడే. మీ లైట్లతో మీలాంటోడికే కళ్లు పోతాయి. లారీకి ఇబ్బంది వెనక నుంచి. మొగిలి ఘాట్‌లో దిగతా ఉన్నప్పుడు వెనకోడు లైట్లన్నీ వేసుకుని అంటుకుని వస్తే అద్దంలో ఆ వెలుగు తప్ప ఏమీ కనపడదు. వాడు పక్కకి వచ్చినా తెలీదు.

ఆ ఫ్లాష్ కొట్టే లైటు మాత్రం వద్దబ్బా. చీకట్లో మినుకు మినుకుమంటే బండి ఎంత దూరంలో ఉండాది, ఎంత స్పీడుగా వస్తాండాది అంచనా దొరకదు. పలమనేరు, కుప్పం పక్క పోతే ఇంకో మాట. ఏనుగు రోడ్డు మీదుంటే లైటు దాని మొహాన కొట్టొద్దు, హారన్ వద్దు. దూరంగా నిలిపేయండి.

పీలేరు_350:
ఫ్లాష్ వద్దు, 120 వాట్లు వద్దు, సరే. 40 వాట్లు, పసుపు, క్రాష్ గార్డ్ మీద. హెడ్‌లైట్ వైరు చీల్చితే ఏమవుతుంది? తిరుమల ఘాట్‌కి కూడా పనికొస్తాయా?

రేణిగుంట_వైరింగ్:
తిరుమల సంగతి ముందు చెప్తా. ఎక్కేది ఒక రోడ్డు, దిగేది ఇంకో రోడ్డు, ఎదురు బండి రాదు. రాత్రి పొద్దుపోయాక టూవీలర్లను వదలరు. దానికోసం లైట్లు అక్కర్లేదు. ముందర పోయే వాళ్ల అద్దాల్లో కొట్టకుండా ఉంటే చాలు.

హెడ్‌లైట్ వైరు చీల్చొద్దు. ఆ వైరు, ఆ ఫ్యూజు హెడ్‌లైట్‌ కోసమే లెక్క కట్టినవి. అదనంగా లాగితే హెడ్‌లైట్ మసకబారుతుంది, ఫ్యూజు పోతే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి, ఘాట్ మధ్యలో. వారంటీ ఉంటే కోసిన హార్నెస్ (బండి వైర్ల కట్ట) చూపించి కంపెనీ చేతులెత్తేస్తుంది. పాత 100 సీసీ బండ్లలో హెడ్‌లైట్‌కి ఇంజిన్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ నుంచి నేరుగా ఏసీ వస్తుంది, దానికి ఎల్‌ఈడీ కలిపితే వణుకుతుంది.

కావాల్సినవి: నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్చు) ఒకటి, 7.5 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజు హోల్డరుతో సహా (ఇంకో రెండు ఫ్యూజులు సీటు కింద), 1.5 చదరపు మిల్లీమీటర్ల ఎరుపు వైరు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు, స్విచ్చుకు 0.75 వైరు, నీళ్లకు తట్టుకునే కనెక్టర్లు రెండు జతలు, రింగ్ టెర్మినల్స్, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం). టేపు వద్దు, ఎండకు జిగురు కారి ఊడుతుంది.

బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి, చివర బిగించండి. పాజిటివ్ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. దూరంగా పెడితే మధ్య వైరు ఒరిసి ఫ్రేముకు తగిలినప్పుడు కాపాడేది ఏమీ ఉండదు. ఫ్యూజు నుంచి రిలే 30 నంబరు కాలికి (ఈ నంబర్లు రిలే మీదే రాసుంటాయి). 87 నుంచి లైట్ల ఎరుపుకి. 85 ఎర్త్. 86కి స్విచ్చు ద్వారా పైలట్ ల్యాంప్ (హెడ్‌లైట్ దగ్గరి చిన్న దీపం) లైను. కాయిల్ లాగేది 0.2 ఆంప్స్ లోపే కాబట్టి పైలట్ వైరుకు బరువు కాదు, తాళం తీస్తే రిలే తానే పడిపోతుంది. స్విచ్చును నేరుగా బ్యాటరీకి ఇస్తే, మరిచిపోయిన రాత్రి 40 వాట్లు ఆగకుండా 3.3 ఆంప్స్ లాగి, ఈ బండి 8 ఆంపియర్ అవర్ బ్యాటరీని రెండున్నర గంటల్లో పడుకోబెడుతుంది. లైట్ల నలుపు వైరు ఫ్రేముకు కాదు, బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చుకోండి. రంగు మీద ఎర్త్ నిలవదు.

వైరు ట్యాంకు కింద ఫ్రేము వెంట పోవాలి. స్టీరింగ్ దగ్గర కొంత వదులు ఉంచి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి లాగుతుందేమో చూడండి. సైలెన్సర్ బెండుకు, ఇంజిన్ ఫిన్లకు దూరంగా కట్టండి. కనెక్టర్ ముందు వైరు చిన్న వంపుగా కిందికి వేలాడాలి, వాన నీళ్లు అక్కడ కారిపోతాయి. క్లాంప్ కింద రబ్బరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగున్నది) తప్పనిసరి. ఈ సింగిల్ సిలిండర్ వణుకుకు మామూలు నట్టు నెల తిరక్కముందే ఊడుతుంది.

అయ్యాక అన్ని లైట్లూ వేసి, బ్రేక్ లైటుతో సహా, 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద కొలవండి. 13.5 వోల్టుల పైన ఉంటే సరి. 12.8 దగ్గరే ఆడుతుంటే బండి సంపాదన కంటే ఖర్చు ఎక్కువైందని.

మొగిలి_మంచు:
40 వాట్లకు రిలే ఎందుకన్నా? 10 ఆంప్స్ తట్టుకునే స్విచ్చు ఉంటే నేరుగా ఇవ్వొచ్చు గదా.

రేణిగుంట_వైరింగ్:
స్విచ్చు తట్టుకుంటుంది. తాళంతో ఆరాలంటే ఆ 3.3 ఆంప్స్ ఇగ్నిషన్ లైను నుంచి లాగాలి, దానికోసమే రిలే. తాళంతో ఆరకపోయినా పర్లేదంటే మీ ఇష్టం, తోయడానికి ఇద్దరు మనుషుల్ని చూసి పెట్టుకోండి.

చిత్తూరు_పాతబండి:
వైరింగ్ బాగుంది. నా అభ్యంతరం ఇంకా తీరలేదు. డిప్పర్ కొట్టినప్పుడు హెడ్‌లైట్ దిగుతుంది, ఈ రెండూ మాత్రం అట్లే వెలుగుతుంటాయి. ఆర్పాలని ఎంతమందికి గుర్తుంటుంది?

శేషాచలం_ఎన్‌హెచ్71:
దూరం కొట్టే స్పాట్ అయితే మీరన్నది నిజం, దాని 86ని హై బీమ్ లైనుకే ఇవ్వాలి, డిప్ చేయగానే ఆరిపోతుంది. అసలు స్పాటే వద్దంటున్నాం కాబట్టి 111వ నిబంధన గొడవ కూడా తగ్గుతుంది. వెడల్పు లైటుకు వంపు సరిగ్గా దించితే డిప్ అవసరం రాదు.

చదునైన నేల మీద గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. మీరు ఎక్కి కూర్చోండి. టైర్ల గాలి ముందే సరిచూడండి. లైటు మధ్య భాగం నేల నుంచి 60 సెంటీమీటర్లు ఉందనుకుంటే గోడ మీద 60 దగ్గర గీత గీసి, వెలుగు పైఅంచు 45 దగ్గరికి దించండి. అంటే 30 మీటర్ల దగ్గర ఆ అంచు రోడ్డును తాకుతుంది. వెనక మనిషి, సంచులు ఎక్కితే తోక దిగి ముక్కు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేస్తే గోడ మీద 13 సెంటీమీటర్లు. 45 కాస్తా 58 అవుతుంది, ఇంకా గీత కిందే ఉంది. మొదటే 52 దగ్గర పెట్టి ఉంటే 65కి పోయి కారోడి కళ్లలో పడుతుంది.

చిత్తూరు_పాతబండి:
ఈ కొలత పాటిస్తే నేను నోరు మూసుకుంటా. పాటించేవాళ్లు పదిలో ఒక్కరు. పగలు, ఊళ్లో మాత్రం లైట్లకు క్యాపులు వేసి ఉంచండి, చంద్రగిరి దాటాక తీయొచ్చు.

పీలేరు_350:
అలాగే చేస్తా. అంగట్లో ఉన్న రకానికి మూడు వైర్లున్నాయి, ఫ్లాష్ లేనిది దొరక్కపోతే మూడోదాన్ని ఏం చేయాలి?

రేణిగుంట_వైరింగ్:
ముందు బయట బ్యాటరీ మీద ఒక్కో వైరు పెట్టి ఏది పసుపో, ఏది తెలుపో, ఏది ఫ్లాషో చూసుకోండి. రంగును నమ్మొద్దు, ఒక్కో తయారీకి ఒక్కో రంగు. అక్కర్లేని వైరు చివర హీట్ ష్రింక్ వేసి వేడి చేసి మూసేసి, వెనక్కి మడిచి కట్టేయండి. మొదలంటా కోయొద్దు, ఆ తెగిన చోటు నుంచి తడి వైరు లోపలికి పాకి లైటు లోపలి డ్రైవర్ సర్క్యూట్ దాకా పోతుంది. కొన్నిట్లో వెలిగించి ఆర్పిన ప్రతిసారీ మోడ్ మారుతుంది, అలాంటిదైతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.