హినోదే ఎలుక బొమ్మను భద్రపరచడం సబబేనా?

పెన్నాతీరం: 2019 జనవరిలో టోక్యో గవర్నర్ కొయికె యురికో ఓ ఎలుక బొమ్మ పక్కన దిగిన ఫొటో ట్విట్టర్‌లో పెట్టారు. చేతిలో గొడుగు, పెట్టె ఉన్న ఎలుక. పేరు చెప్పకుండా వీధి గోడల మీద బొమ్మలేసే బాంక్సీ టోక్యోకిచ్చిన కానుకేమో అన్నారు. హినోదే స్టేషన్ దగ్గర్నుంచి ఆ బొమ్మ ఉన్న పలక ఊడదీయించి, ఏప్రిల్ 25 నుంచి ప్రభుత్వ భవనంలో జనానికి చూపించారు. అలాంటి బొమ్మే ఊరూపేరూ లేని కుర్రాడు గీస్తే కేసు. ఇదేం న్యాయం?

యోకోహామా_రవి: భద్రపరచడమే మంచిది. పోయినవాటి గురించే నా బాధ. యోకోహామాలోని సకురాగిచోలో తోయోకో రైలు లైన్ కింద బారుగా ఓ గోడ ఉండేది. 1970ల చివర్లో రోకో సతోషి అక్కడ బొమ్మలు మొదలుపెట్టాడు, తర్వాత స్ప్రే కుర్రాళ్లు చేరారు. 2003లో భాష రాక నోరు మూసుకుని తిరిగే రోజుల్లో ప్రతి ఆదివారం ఆ గోడ వెంట నడిచేవాణ్ణి. 2004 జనవరి ఆఖరుకి ఆ లైన్‌లో అక్కడికి రైళ్లు నడపడం ఆపేశారు, తర్వాత బొమ్మలూ పోయాయి. నాకు మిగిలింది నాలుగు ఫొటోలు.

కొండపల్లి_బొమ్మ: ఎలుక ఉన్నది గోడ మీద కాదు, సముద్రపు పోటును ఆపే తలుపు మీద. తలుపు కాబట్టే ఊడదీయగలిగారు.

హోటల్_మూర్తి: రవి గారూ, మా చిన్న హోటల్ షట్టర్ మీద మూడుసార్లు స్ప్రే కొట్టి పోయారు. నేనూ మా ఆవిడా థిన్నర్‌తో రుద్దితే అసలు రంగే లేచిపోయింది. ఇంటి ఓనరు కొత్త రంగు ఖర్చు మా నెత్తినే వేశాడు. ఇక్కడి జపాన్ శిక్షాస్మృతి 261వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా 3 లక్షల యెన్ దాకా జరిమానా. అది ఊరికే పెట్టలేదు.

యోకోహామా_రవి: మీ నష్టం కాదనను. కానీ నష్టమే లెక్కయితే 2011 సంగతి చూడండి. టోక్యో షిబుయా స్టేషన్‌లో ఉన్న, చిత్రకారుడు ఒకమొతో తారో గీసిన అణుబాంబు కుడ్యచిత్రం పక్కన చిమ్‌పొమ్ అనే కళాకారుల బృందం ఫుకుషిమా అణు ప్రమాదం బొమ్మ పలక అతికించింది. అసలు చిత్రానికి గీత కూడా పడలేదు. అయినా పోలీసుల దాకా వెళ్లింది.

కొండపల్లి_బొమ్మ: అదీ పలకే. గోడ కాదు.

హోటల్_మూర్తి: పలకల గోల ఆపండి! రవి గారూ, మీరు ఆదివారం చూసి ఇంటికెళ్లారు. నేను సోమవారం రుద్దాను.

యోకోహామా_రవి: రుద్దించింది మీ ఓనరు. గోడ కొనుక్కోలేనివాడు ఈ ఊళ్లో తన మాట ఎక్కడ రాసుకోవాలి?

హోటల్_మూర్తి: నాకూ గోడ లేదండీ, షట్టర్ కూడా అద్దెదే. పదేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా, కోపమొచ్చి ఒక్క గీత గీస్తే నా వీసా ఏమవుతుందోనని భయం. ఆ ధైర్యం వాళ్లకుంది, నాకు లేదు. నేను నోరు మూసుకుని బతుకుతుంటే వాళ్ల అరుపును నా షట్టర్ మీద మోయాలా?

పెన్నాతీరం: మూర్తి గారు చెప్పిన ఈ మాటే మొదట్నుంచీ ఎవరం అనుకోలేదు.

యోకోహామా_రవి: మీ షట్టర్ మీద గీయడం తప్పే. ఒప్పుకుంటున్నా.

హోటల్_మూర్తి: అయితే ఆ ఎలుకనూ చెరిపేయాల్సింది అనండి.

యోకోహామా_రవి: అనలేను మూర్తి గారూ.